నవల చదువుతుంటే మీకు నిజంగానే బొమ్మ కనిపిస్తుందా?

ప్రశ్న:
నలభై రెండేళ్లొచ్చాయి. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చినప్పటి నుంచీ కథలూ నవలలూ చదువుతూనే ఉన్నాను. "కళ్లకు కట్టినట్టుంది" అని ఎవరైనా అంటే మాటవరసకు అంటున్నారనే అనుకున్నాను ఇన్నాళ్లూ. పోయిన ఆదివారం మా అక్కతో కలిసి ఒక సినిమా చూశాను. మేమిద్దరం చదివిన నవలనే సినిమాగా తీశారు. పది నిమిషాలు కాకముందే అక్క "ఈ అమ్మాయేంటి, తను ఇలా ఉండదుగా" అని విసుక్కుంది. "మరెలా ఉంటుంది?" అన్నాను. చామనఛాయ, సన్నటి మెడ, మాట్లాడుతూ మాట్లాడుతూ జడ ముందుకేసుకుంటుంది అని టకటకా చెప్పేసింది. ఇంటికొచ్చి పుస్తకం తీసి చూస్తే అందులో జడ ఉంది గానీ మెడ ఊసే లేదు. అక్కకు కనిపించిందట!

నాకు ఆ అమ్మాయికి మొహమే లేదు. ఎవరితో ఎందుకు గొడవపడిందో, ఏ మాటకు నొచ్చుకుందో అన్నీ గుర్తే. మొహం లేదన్న సంగతి కూడా అక్క అడిగేదాకా తట్టలేదు. ఇంకో నవలలో తాతగారు మొదటి పేజీ నుంచీ కుంటుతూనే ఉంటాడు. చివర్లో "ఆ కుంటికాలితోనే పరిగెత్తాడు" అని వస్తే, ఈయనకు కాలెప్పుడు విరిగిందా అని వెనక్కెళ్లి వెతికాను. కొండలు, వెన్నెల, ఏటి ఒడ్డు మొదలయ్యాయంటే నా చూపు దానంతటదే కిందికి, మాటలున్న చోటికి జారిపోతుంది. మీకెలా ఉంటుంది? నిజం చెప్పండి.

జవాబు 1:
కనిపించడమేంటండీ, నాకు అదో తలనొప్పి. కథలో ఇల్లు అనగానే చిన్నప్పుడు మేమున్న ఇల్లే వచ్చి కూర్చుంటుంది, రాజుల కథైనా సరే. వంటగది ఎడమ పక్క. నూట నలభయ్యో పేజీలో రచయిత తీరిగ్గా "కుడివైపు వంటగదిలోంచి వచ్చింది" అంటాడు. ఇక ఇల్లంతా తిప్పి పెట్టుకోవాలి. రెండు పేజీలయ్యాక మళ్లీ ఎడమకే వచ్చేస్తుంది.

జవాబు 2:
కంగారుపడకండి, ఇది జబ్బు కాదు. నేనూ మీలాంటివాడినే. 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన, పొద్దున కూర్చున్న భోజనాల బల్లను తలచుకుని ఏం కనిపిస్తోందో చెప్పమని చాలామందిని అడిగాడు. ఏమీ కనిపించదన్నవాళ్లు అప్పుడే ఉన్నారు. పేరు మాత్రం 2015లో వచ్చింది. ఆడమ్ జెమన్ అనే న్యూరాలజిస్టు, మరికొందరు కలిసి దీన్ని అఫాంటేసియా అన్నారు. వీళ్లలో చాలామందికి కలల్లో మాత్రం బొమ్మలొస్తాయి, నాకూ వస్తాయి.

చదవడానికి సంబంధించిన ప్రయోగం ఒకటుంది. 2021లో సిడ్నీ పరిశోధకులు చీకటి గదిలో తెర మీద భయపెట్టే కథలు చదివించి, చర్మం మీద చెమటలో వచ్చే చిన్న మార్పులు కొలిచారు. బొమ్మ కట్టుకునేవాళ్లకు కథ సాగేకొద్దీ అది పెరుగుతూ పోయింది, మనలాంటివాళ్లకు దాదాపు కదల్లేదు. అదే భయంకరమైన ఫొటోలు చూపిస్తే ఇద్దరికీ ఒకేలా ఉంది. అంటే భయం లేక కాదు, అక్షరం నుంచి భయానికి వెళ్లే దారిలో మనకు బొమ్మ అనే మెట్టు లేదు.

జవాబు 3:
నాకు బొమ్మలు మసక, గొంతులు మాత్రం ఖంగుమంటాయి. ఎవరు దగ్గుతూ మాట్లాడతారో, ఎవరిది బొంగురు గొంతో చెప్పమంటే చెప్తాను. ఆడియోబుక్ అందుకే వినలేను. ఎవరో వచ్చి నా మనుషులందరి గొంతులూ మార్చేసినట్టుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండో జవాబు రాసినవారికి: దెయ్యం కథల సంగతి అక్షరాలా నిజం, అర్ధరాత్రి ఒక్కడినే చదివి హాయిగా పడుకుంటాను. కానీ అన్నీ అంతే అంటే ఒప్పుకోను. కొడుకు రాసిన ఉత్తరాన్ని తల్లి పొరుగింటి పిల్లాడితో చదివించుకుంటుంది ఒక కథలో. ఆ పిల్లాడు ఒక వాక్యం చూసి ఆగి, దాన్ని వదిలేసి తర్వాతది చదువుతాడు. ఆ తల్లి మొహం నాకు ఇప్పటికీ తెలీదు. అక్కడికి రాగానే పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

మొదటి జవాబు రాసినవారిని ఒక్కటి అడగాలి. మీరు ఇల్లు తిప్పుతున్నప్పుడు లోపలున్నవాళ్లు ఆగుతారా, వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటూనే ఉంటారా?