పాత బాత్రూం టైల్స్ పగలగొట్టాలా, మీదే కొత్తవి అతికించాలా?

మూడో ఫ్లోర్
నల్లకుంటలో మా ఫ్లాట్ 1998లో కట్టింది. అమ్మానాన్న అక్కడుంటారు, నేను బెంగళూరులో. కామన్ బాత్రూం బాగుచేయించాలి. టైల్స్ నున్నబడిపోయాయి, మొన్న అమ్మ కాలు జారి కుళాయి పట్టుకుని ఆగింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఇండియన్ కమోడ్ తీసేసి వెస్టర్న్ పెట్టించాలి. ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూశారు. ఒకాయన పాత టైల్స్ మీదే కొత్తవి వేసి వారంలో అప్పజెబుతానన్నాడు. రెండో ఆయన స్లాబ్ దాకా పగలగొట్టాల్సిందే, నెల పడుతుంది అన్నాడు. ఖర్చు కూడా రెట్టింపు పైమాటే. నాన్నకి ఆస్తమా, దుమ్ము పడదు. ఎవరి మాట వినాలి?

తాపీ చేతిలో
గోడలకైతే అనుమానం లేకుండా టైల్ మీద టైల్ వేయించుకోండి. ముందు రూపాయి బిళ్ళతో పాత టైల్స్ అన్నీ కొట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవి ఊడదీసి ఆ చోటు సిమెంటుతో పూడ్చాలి. మిగతా వాటి నునుపు మీద గ్రైండర్‌తో గాట్లు పెట్టి, పాలిమర్ కలిసిన అడ్హెసివ్‌తో వేస్తే ఊడవు. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ జిగురుకి భారతీయ ప్రమాణం) అని ఉందో లేదో చూడండి. అందులోనూ రకాలున్నాయి, టైల్ మీద టైల్‌కి పనికొచ్చేదే అడిగి తీసుకోండి. సిమెంటు పాలు పూసి అతికించే మేస్త్రీని గుమ్మంలోంచే పంపించేయండి.

జాగ్రత్త పడాల్సింది డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించే గోడ వాల్వు) దగ్గర. గోడలో ఇత్తడి బాడీని పాత టైల్ లెవెల్‌కి కూర్చోబెట్టి ఉంటారు. కొత్త టైల్ పడేసరికి అది అరంగుళం లోపలికి పోతుంది. అప్పుడు పై ప్లేటు కూర్చోదు, హ్యాండిల్ అందదు. దానికి ఎక్స్‌టెన్షన్ ముక్క దొరుకుతుందో లేదో పని మొదలుపెట్టకముందే కనుక్కోవాలి.

కింది ఫ్లాట్
వేయించుకోండి, వేయించుకోండి. కారేది మీ ఇంట్లో కాదుగా.

మా పైవాళ్ళు ఇలాగే టైల్ మీద టైల్ వేయించారు. చూడ్డానికి హోటల్ బాత్రూంలా ఉంది, వెళ్ళి చూసొచ్చా. ఆ తర్వాతి వానాకాలానికి మా బెడ్రూం గోడ నెమ్మెక్కింది. కబోర్డు వెనక ప్లైవుడ్ ఉబ్బిపోయింది, మా ఆవిడ పట్టుచీరల అంచులకు బూజు. సీలింగ్ పెచ్చులూడి మంచం మీద పడ్డాయి. అసోసియేషన్ మీటింగులో అడిగితే ఆయన సమాధానం: "వాన నీళ్ళయి ఉంటాయండీ." మాది ఐదంతస్తుల బిల్డింగ్, నేనుండేది రెండో అంతస్తు. మధ్యలో మూడు అంతస్తుల్ని తడపకుండా నా సీలింగ్ మీదికే వచ్చే వాన ఎక్కడుందో నాకు తెలీదు.

తాపీ చేతిలో
మీ పైవాళ్ళ పని సరిగ్గా చేయకపోతే పద్ధతిదా తప్పు?

వాస్తు వీధి
టాయిలెట్ ఏ మూలన ఉందో చెప్పలేదు. ఈశాన్యం అయితే అసలు ముట్టుకోకండి. ఆషాఢంలో మాత్రం మొదలుపెట్టొద్దు.

గోదావరి అత్తయ్య
బాబూ, అందరూ టైల్స్ గురించే మాట్లాడుతున్నారు. ఇండియన్ కమోడ్ తీసి వెస్టర్న్ పెట్టాలంటే అక్కడ గచ్చు ఎలాగూ పగలగొట్టాలి కదా? ఆ బేసిన్ నేలలో పాతి ఉంటుంది. మరి పగలగొట్టకుండా వారంలో ఇస్తానన్నవాడు దాన్నేం చేస్తాడు, పైన పీట వేస్తాడా?

ఇంకో మాట. నేలకి అడుగు బై అడుగు గరుకు టైల్స్ వేయించు. పెద్ద టైల్స్ వేస్తే వాటం కుదరదు, నీళ్ళు నిలుస్తాయి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట స్టీల్ పట్టుకమ్ములు పెట్టించు. సక్షన్ కప్పులతో అంటించేవి వద్దు, గోడలోకి బోల్టు దిగేవి పెట్టించు. మా ఆడపడుచు అంటించే రకం కొనుక్కుని దానితో సహా కిందపడింది.

తాపీ చేతిలో
అత్తయ్య గారన్నది నిజమే. కమోడ్ ఉన్నంత మేర పగలగొడతాం. మిగతా నేల అలాగే ఉంచి పైన వేస్తాం. మొత్తం పగలగొట్టక్కర్లేదు.

కింది ఫ్లాట్
అదీ అసలు మోసం! పాత ఫ్లాట్లలో బాత్రూం స్లాబ్ దాదాపు అడుగు కిందికి దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు వేసి ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. కమోడ్ దగ్గర మాత్రం తవ్వి అక్కడ వాటర్‌ప్రూఫింగ్ చేస్తే, కొత్త పూతకీ పాతదానికీ మధ్య అతుకు ఉంటుంది కదా? నీళ్ళకి ఆ అతుకు చాలు. ఇటుక ముక్కలన్నీ స్పాంజిలా పీల్చుకుని కూర్చుంటాయి, ఏడాదంతా కిందికి వదులుతూ ఉంటాయి. పైగా నేల ముప్పావంగుళం లేస్తుంది, తలుపు తెరుచుకోదు, నీళ్ళు హాల్లోకి వస్తాయి.

తాపీ చేతిలో
ముప్పావంగుళం ఎక్కడిది? టైల్ 8, 9 మిల్లీమీటర్లు. అడ్హెసివ్ 3 నుంచి 5. అరంగుళం అంతే.

కింది ఫ్లాట్
వాటం కోసం ఒకవైపు ఎత్తు పెంచరా? అది కలపండి.

తాపీ చేతిలో
పాత నేలకి వాటం ఉంటే పైన వేసినదానికీ అదే వస్తుంది. అరంగుళం.

కింది ఫ్లాట్
పాత నేలకి వాటం ఉందని మీరు చూసొచ్చారా?

ఫ్రిస్కో ఫణి
మాకిక్కడ అమెరికాలో బాత్రూం గోడలు చెక్క ఫ్రేమ్ మీద సిమెంటు బోర్డులు. రెండు వీకెండ్లలో నేనే పీకేసి మళ్ళీ వేసుకున్నా. అక్కడ కూడా సొంతంగా ట్రై చేయొచ్చుగా?

గోదావరి అత్తయ్య
ఫణి బాబూ, ఇక్కడ ఇటుక గోడ. నువ్వు వచ్చి పీకు, కాఫీ నేనిస్తా.

మూడో ఫ్లోర్
అందరికీ థాంక్స్. తలుపు కింద గ్యాప్ బాగానే ఉంది, అరంగుళమైనా ముప్పావైనా ఇబ్బంది లేదు. కింది ఫ్లాట్ గారు చెమ్మ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మా కింద ఉన్నవాళ్ళు కూడా వాళ్ళ సీలింగ్‌లో ఓ మూల చెమ్మ ఉందని అంటూ ఉంటారు. చాలాకాలంగా ఉన్నదే. టైల్స్ ప్రశ్నకి దానితో సంబంధం లేదనుకున్నా.

కింది ఫ్లాట్
సంబంధం లేదా!! ఇంతసేపూ దాన్ని కడుపులో పెట్టుకుని అరంగుళం లెక్కలు చెప్పించుకున్నారా?

తాపీ చేతిలో
ఆగండి. చెమ్మ ఉందంటే లెక్క మారుతుంది, నిజమే. కానీ చెమ్మ కనబడగానే సుత్తి ఎత్తడం కూడా తెలివితక్కువ పనే. ముందు ఎక్కణ్ణుంచో తేల్చాలి. బాత్రూం వాడకుండా రెండు మూడు రోజులు మూసేయండి, కానీ నీళ్ళ వాల్వు తెరిచే ఉంచండి. అప్పటికీ కారుతూనే ఉంటే గోడలో పైపు పోయినట్టు. 1998 కట్టడం కాబట్టి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులై ఉంటాయి, తుప్పు పట్టి ఉంటాయి. వాడకం ఆపగానే తగ్గుముఖం పడితే తప్పు డ్రైనేజీలోనో నేలలోనో ఉంది. బకెట్ నీళ్ళలో రంగు కలిపి నేరుగా కమోడ్‌లో పోయండి, ఇంకోసారి వేరే రంగు నహానీ ట్రాప్‌లో (నేలమీది నీళ్ళు పోయే జాలీ) పోయండి. కింద ఏ రంగు దిగుతుందో చూడండి. దేనికీ రంగు దిగక, నేలంతా తడిపినప్పుడే చెమ్మ పెరిగితే టైల్స్ మధ్య జాయింట్లు పోయాయి. ఇటుక నింపుడు ఆరడానికి టైం పడుతుంది కాబట్టి తొందరపడి నిర్ణయానికి రావద్దు.

పైపు పోయి ఉంటే మాత్రం టైల్ మీద టైల్ వేయకండి. నేనే వద్దంటున్నా. పైపులన్నీ తుప్పు పట్టని సీపీవీసీ ప్లాస్టిక్‌కి మార్చి, ప్రెజర్ టెస్ట్ చేసి, ఆ తర్వాతే గోడ మూయాలి.

కింది ఫ్లాట్
ఇప్పుడా చెప్పేది? మొదటి పోస్టులోనే "కింద చెమ్మ ఉందా" అని ఒక్క ముక్క అడగలేకపోయారా? మీ కాంట్రాక్టర్లందరిదీ ఇదే వరస. పైనున్నవాడు డబ్బులిచ్చే కస్టమర్, కిందున్నవాడు అసలు మనిషే కాదు.

తాపీ చేతిలో
మాటలు జాగ్రత్త సార్. కస్టమర్లు ఎలా ఉంటారో నన్నడగండి. స్లాబ్ దాకా పగలగొట్టమంటారు. తీరా పగలగొట్టాక కుళ్ళిన పైపులు, తుప్పు పట్టిన సలాకలు బయటపడితే, చెప్పిన ఎస్టిమేట్ మీద రూపాయి పెంచినా "దొంగ" అంటారు. సామాన్లు సగంలో వదిలేసి కూలీలకి నా జేబులోంచి ఇచ్చుకున్న పనులున్నాయి. కింద చెమ్మ ఉన్న సంగతి కస్టమర్ దాస్తే నేను జాతకం చూసి చెప్పాలా?

మూడో ఫ్లోర్
నేనేమీ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. కింది ఫ్లాట్ గారూ, మీ పైవాళ్ళ మీద కోపం నా మీద చూపించకండి. మా నాన్న నెల రోజులు బ్రేకర్ మెషిన్ దుమ్ములో ఉండలేరు. అమ్మ పడిపోకుండా ఉంటే నాకు చాలు. ఎలాగూ రెండు మూడేళ్ళలో వాళ్ళని నా దగ్గరికి తెచ్చేసుకుని ఫ్లాట్ అమ్మేస్తాం. అప్పటిదాకా నడిస్తే చాలు కదా, కొనుక్కున్నవాళ్ళు వాళ్ళకి నచ్చినట్టు చేయించుకుంటారు.

కింది ఫ్లాట్
వచ్చిందండీ అసలు విషయం బయటికి! కారే బాత్రూంకి పైన కొత్త టైల్స్ అంటించి, తళతళలాడించి, ఎవడికో అంటగడతారన్నమాట. వాడొచ్చి కిందివాళ్ళతో పోట్లాడాలి. మా పైన ఉన్నాయన కూడా కొనుక్కుని వచ్చినవాడే, ఆయనకి అమ్మినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

నేతి బీర
అమ్మ కోసమో అమ్మకం కోసమో ముందు తేల్చుకో బ్రదర్.

కోర్టు మెట్లు
చిన్న సమాచారం. ఆస్తి బదిలీ చట్టం, 1882, 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉండి, అది అమ్మేవాడికి తెలిస్తే, చెప్పి తీరాలి. వేరే ఒప్పందం ఉంటే తప్ప. కొత్త టైల్స్ కింద ఉన్న లీకేజీని కొనేవాడు ఎలా కనిపెడతాడు? చెమ్మ సంగతి కింది ఫ్లాట్ వాళ్ళు మీకు వాట్సాప్‌లో పంపి ఉంటే "నాకు తెలీదు" అనడానికీ ఉండదు.

మూడో ఫ్లోర్
నేను ఎవరినీ మోసం చేస్తానని అనలేదు. ఆ ఉద్దేశం లేదు.

గోదావరి అత్తయ్య
నువ్వు అలాంటివాడివని ఎవరూ అనట్లేదులే. మీకు రెండు బాత్రూంలు ఉన్నట్టున్నాయి, కామన్ అన్నావు కదా. పగలగొట్టే రోజుల్లో నాన్నగారిని ఏ చుట్టాలింటికో పంపించు, లేదా నీ దగ్గరికి తీసుకెళ్ళు. పగలగొట్టడం రెండు మూడు రోజులే ఉంటుంది, నెలంతా దుమ్ము ఉండదు. ఆ తర్వాత పైపులు, పూతలు, ఆరబెట్టడం. మేస్త్రీ నెల అన్నాడంటే అందులో సగం వేరే సైటుకి పోయే రోజులు.

తాపీ చేతిలో
అత్తయ్య గారు సైట్ చూసినట్టే చెప్పారు 🙂 మూడో ఫ్లోర్ గారూ, పగలగొట్టేది ఖాయమైతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేలా గోడా కలిసే మూలలు గుండ్రంగా తిప్పించాలి. వాటర్‌ప్రూఫ్ పూత రెండు చుట్లు, నేలమీద ఎటూ తప్పదు, గోడకి కనీసం అడుగు, షవర్ దగ్గర తలదాటే ఎత్తు. టైల్స్ వేయకముందు ట్రాప్ మూసేసి రెండంగుళాల నీళ్ళు కట్టించండి. గోడమీద పెన్సిల్ గీత గీసి 48 గంటలు వదిలేయండి. కిందివాళ్ళని పిలిచి వాళ్ళ సీలింగ్ వాళ్ళనే చూడమనండి.

ఇంకో మాట, నచ్చినా నచ్చకపోయినా చెప్తా. కిందివాళ్ళ కోసం ఇంత చేస్తున్నప్పుడు వాళ్ళు కూడా సగం ఖర్చు పెట్టుకోవాలి. చాలా బిల్డింగుల్లో అలాగే సర్దుకుంటారు.

కింది ఫ్లాట్
సగమా? మీ ఇంటి నీళ్ళు మా ఇంట్లోకి వస్తే మేము సగం కట్టాలా? మా కబోర్డు ఖర్చులో సగం ఎవరు కడతారు? మా పైనాయన కూడా ఇదే బేరం పెట్టాడు. ఒప్పుకోలేదని తలుపు వేసుకున్నాడు. ఇవాళ్టికీ లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకుంటాడు. నా పోట్లాట టైల్స్ గురించి కాదండీ, దీని గురించే.

తాపీ చేతిలో
ఒప్పుకుని ఉంటే మీ సీలింగ్ ఈపాటికి ఆరిపోయేది. న్యాయం మీదే, కాదనను. చెమ్మ కూడా మీదే.

కోర్టు మెట్లు
లీకేజీ పై ఫ్లాట్ లోపలి పైపుల్లోంచో నేలలోంచో అయితే సగం కట్టమని కిందివాళ్ళని బలవంతపెట్టలేరు. ఇష్టమై ఇస్తే వేరే మాట. అందరికీ కలిపి ఉన్న నిలువు పైపులో తప్పుంటే అప్పుడు అసోసియేషన్ చూసుకోవాలి. అందుకే ముందు ఆ రంగునీళ్ళ పరీక్ష.

మూడో ఫ్లోర్
కింది ఆంటీకి ఫోన్ చేశా. శనివారం వెళ్తున్నా, రంగునీళ్ళు ఇద్దరం కలిసే చూస్తాం. సగం సంగతి నేను ఎత్తలేదు, ఆవిడే ఎత్తింది. "మాకు రూపాయి కూడా పడకూడదు" అంది. సరేనన్నా. టైల్ మీద టైల్ మేస్త్రీకి వద్దని చెప్పేశా, రెండో ఆయనతో పైపుల రేటు విడిగా రాయించుకుంటున్నా.

వాస్తు వీధి
ఇంతకీ ఏ మూల?

మూడో ఫ్లోర్
వాయవ్యం. ఇక వదిలేయండి సార్.

కింది ఫ్లాట్
తాపీ గారూ, "చెమ్మ కూడా మీదే" అన్న మాట వెనక్కి తీసుకోండి.

తాపీ చేతిలో
తీసుకోను. కావాలంటే వచ్చి మీ సీలింగ్ చూస్తా, విజిటింగ్ చార్జీ వద్దు.