స్లాష్ బూట్ నిండిపోయి కెర్నల్ అప్‌డేట్లు ఆగిపోయాయి: స్వాప్ తీసేయొచ్చా?

ఉబుంటు 22.04 లినక్స్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. వరుసగా ఈఎఫ్ఐ పార్టిషన్, 512 ఎంబీ స్లాష్ బూట్ (కెర్నల్, అంటే లినక్స్ మూల భాగం, దాని బూట్ ఫైళ్లు ఉండే పార్టిషన్), మిగతాదంతా లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) మీద ఎల్‌వీఎం (డిస్క్‌ను వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి). అందులో ముందు రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే వాల్యూమ్), చివర 8 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు).

ఒక్కో ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్‌తో పాటు లోడయ్యే ఫైల్) 165 ఎంబీ (ఎన్విడియా డ్రైవర్ పుణ్యమా అని). రెండు కెర్నళ్లు ఉండగానే మూడోది రావడంతో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". ప్యాకేజీ సగంలో నిలిచిపోయింది, ఆ తర్వాత ఏ సెక్యూరిటీ అప్‌డేట్ పెట్టబోయినా ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ అక్కడికే వచ్చి ఎర్రర్ ఇస్తోంది.

అక్కర్లేని ప్యాకేజీలను తీసే ఆటోరిమూవ్‌తో ఏమీ పోలేదు. పాత కెర్నల్‌ను చేత్తో తీస్తే ఈసారికి గండం గడుస్తుంది కానీ, కొత్తది బూట్ కాకపోతే వెనక్కి వెళ్లే దారుండదు. ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ మాడ్యూల్స్ సెట్టింగ్‌ను మోస్ట్ (దాదాపు అన్ని డ్రైవర్లు) నుంచి డెప్‌కు (ఈ మెషీన్‌కు కావాల్సినవే) మార్చాను. సైజు తగ్గింది, కానీ బూట్‌లో లక్స్ పాస్‌ఫ్రేజ్ అడిగే చోట యూఎస్‌బీ కీబోర్డ్ పనిచేయలేదు. వెనక్కి మార్చేశాను.

ఇక డిస్క్ చివర 2 జీబీ కొత్త స్లాష్ బూట్ పెడదామని లైవ్ యూఎస్‌బీ నుంచి రూట్‌ను 4 జీబీ కుదించాను, అంతవరకూ బాగానే ఉంది. ఎల్‌వీఎం కింద ఉన్న పీవీని (ఫిజికల్ వాల్యూమ్) కుదించే పీవీరీసైజ్ మాత్రం చివరి ఎక్స్‌టెంట్లు (ఎల్‌వీఎం చోటును పంచే ముక్కలు) వాడకంలో ఉన్నాయని ఒప్పుకోవడం లేదు. అక్కడున్నది స్వాపే. హైబర్నేషన్ వాడను, బ్యాకప్ ఉంది.

స్వాప్ వాల్యూమ్‌ను తీసేసి, పీవీ కుదించాక మళ్లీ సృష్టిస్తే సరిపోతుందా, లేక ఎక్స్‌టెంట్లను జరిపే పీవీమూవ్‌తోనే దాన్ని ముందుకు జరపాలా?