లష్కర్‌ను (సికింద్రాబాద్ దండును) నిజాం పిలిచి ఇచ్చాడా, ఈస్టిండియా కంపెనీ లాక్కుందా?

మారేడుపల్లి మిత్రుడు: మొన్న ఒక ఉపన్యాసకుడు సికింద్రాబాద్‌ను "ఆక్రమిత భూమి" అన్నారు. 1798 ఒప్పందంతో కంపెనీ సైన్యాన్ని రానిచ్చింది నిజామే కదా, ఊరికి 1806లో పెట్టిన పేరూ అప్పటి నిజాం సికందర్ జాదే కదా, ఇక ఆక్రమణ ఎలా అవుతుంది?

ట్యాంక్‌బండ్: కాదు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడినప్పుడు కంపెనీ తటస్థంగా కూర్చుంది. ఆ భయంతోనే నిజాం అలీ ఖాన్ కంపెనీ పటాలాలను ఒప్పుకొని, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన సేనను రద్దు చేయించుకున్నాడు. తెలిసి చేసుకున్న బేరాన్ని ఆక్రమణ అనడం భాషకే అన్యాయం.

బొల్లారం వాసి: బేరమైతే 1853లో బేరార్ (నేటి మహారాష్ట్రలోని ప్రాంతం) ఎందుకు పోయింది? కంటింజెంట్ (బ్రిటిష్ అధికారుల కింద నిజాం ఖర్చుతో నడిచిన సేన) జీతాల బాకీ పేరుతోనే కదా అప్పటి నిజాం నాసిరుద్దౌలా చేత దాన్ని వదిలింపజేశారు! ఇప్పటికీ సైన్యంవాళ్లు మా కాలనీ దారికి గేటు పెట్టి, రెండేళ్లుగా మమ్మల్ని చుట్టూ తిప్పుతున్నారు. దండు మనస్తత్వం ఇంకా పోలేదు.

ట్యాంక్‌బండ్: ఆ గేటు స్వతంత్ర భారతంలో పెట్టినది, దానికి 1798 నాటి గవర్నర్ జనరల్ వెల్లెస్లీని దూషించి లాభం లేదు. పైగా కంటింజెంట్ వేరు, 1798 నాటి సైన్యం వేరు.

అనంతపురం: రెండింటి ఖర్చూ నేల రూపంలోనే తీరింది గదా. 1800లో, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను నిజాం ఈ సైన్యం ఖర్చు కిందే కంపెనీకి రాసిచ్చాడు. ఇచ్చిన చేయి నిజాందే, కానీ అక్కడి రైతును ఎవరు అడిగారు?

పాత పటాలు: కర్నూలును విడిగా చెప్పాలి. అక్కడి నవాబు కప్పం కట్టుకుంటూ 1839 వరకు కొనసాగాడు.

అనంతపురం: నేను చెప్పేది ఏమిటో మీకు పట్టదా? పద్దెనిమిదేళ్లుగా తిరుమలగిరిలో ఇల్లు కట్టుకొని ఉంటున్నాను. చిన్న గొడవ వస్తే చాలు, ఇరుగుపొరుగు "మీరు బయటివారు" అంటారు. లష్కర్‌లోని పెద్ద చెట్లూ, చర్చీలూ, పటాలాల మైదానాలూ మీకు వారసత్వం. ఆ పటాలాల జీతానికి తాకట్టుపడిన మా సీమకు మిగిలింది "దత్తమండలాలు" అన్న పేరు. దాన్ని తుడిచి రాయలసీమ అని పెట్టుకోవడానికి 1928లో నంద్యాల సభ దాకా ఆగవలసి వచ్చింది. ఆక్రమణా, బేరమా అన్న మాట కాదు నా గొడవ. ఈ ఊరి లెక్కలో మేము ఎక్కడున్నాం?

ట్యాంక్‌బండ్: మొదటే ఇది చెప్పి ఉంటే ఖర్దా దాకా పోయేవాణ్ణి కాదు. బేరం అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోను. అయితే ఆ బేరంలో సరుకు మీరేనన్నది ఒప్పుకుంటాను.

బొల్లారం వాసి: మరి గేటు సంగతి?

పాత పటాలు: నంద్యాల సభ జరిగింది నవంబరులో.