అప్‌డేట్: ఆ చైనా చెక్క డబ్బాలు కొలపాత్రలే!

మూతి వెడల్పు, అడుగు సన్నంగా ఉన్న రెండు పాత చైనా డబ్బాలు దేనికి వాడేవారని మొన్న అడిగాను కదా. బియ్యం పోసి కొలవమన్నారు, కొలిచాను. పెద్దదాంట్లో దాదాపు 10 లీటర్లు పట్టాయి, చిన్నదాంట్లో లీటరు. అంటే ధాన్యం కొలిచే డోవ్, షెంగ్ అన్నమాట. 10 షెంగ్‌లు ఒక డోవ్. మన కుంచం, మానికల్లాంటివి.

పెద్దదానికి మూతి మీద అడ్డంగా ఉన్న కర్ర ఎత్తడానికి పిడి. గింజలు నింపాక పైన వేరే కర్రతో లాగి చదును చేసేవారు. అందుకే కాబోలు, అంచుకి కొట్టిన ఇనప పట్టీ చేత్తో తడిమితే జారిపోయేంత నున్నగా అరిగింది! మూలల్లో పలకలు వేళ్లు పెనవేసినట్టు ఒకదాంట్లో ఒకటి ఇమిడాయి. ఎంత చక్కటి పనితనమో!

పాలిష్ పట్టిద్దామని ఇంట్లో అంటున్నారు. నేను ఒప్పుకోను, ఆ అరుగుదల పోతుంది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.