స్టుట్‌గార్ట్ క్లే కోర్టు అంత ఫాస్ట్‌గా ఎందుకు ఉంటుంది?

ప్రశ్న: టెన్నిస్‌లో క్లే (మట్టి కోర్టు) అంటే బంతి నెమ్మదిగా వస్తుంది, అటూ ఇటూ కొట్టుకునే ర్యాలీలు సాగుతాయి అంటారు కదా, మరి జర్మనీలోని స్టుట్‌గార్ట్ మహిళల టోర్నీలో గట్టిగా కొట్టేవాళ్లే ఎక్కువ గెలుస్తున్నట్టుంది. 2024లో రిబాకినా, 2025లో ఓస్టాపెంకో. ఎందుకలా?

జవాబు: కోర్టుకు పైకప్పు ఉంది కాబట్టి. గాలి లేదు, ఎండ కళ్లలో పడదు, సర్వ్ చేసేటప్పుడు బంతి ఎగరేసిన చోటే ఉంటుంది, ఇక లైన్ల దగ్గరికి ధైర్యంగా కొట్టొచ్చు. వాన పడి మట్టి తడిసి బరువెక్కే గొడవ కూడా లేదు. 2009 నుంచే అక్కడ క్లే, అంతకు ముందు హార్డ్ కోర్టు.

జవాబు: అలాగని టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరుగుతూ పడి ఎత్తుగా లేచే షాట్) పనికిరాదని కాదండీ, 2022, 2023 రెండేళ్లూ అలా ఆడే స్వియాటెక్‌దే టైటిల్. రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది ఎవరనుకున్నారు, సబలెంకా! 2021, 2025 ఫైనల్స్ కూడా పోయాయి పాపం. గెలిస్తే పోర్షే కారు ఇస్తారు, నాలుగుసార్లు దాని దాకా వెళ్లి ఉత్త చేతులతో రావడం ఏం బాధో.

ప్రశ్న అడిగినవారు: ఓహో, అయితే ఇక్కడ గెలుపు చూసి రోలాండ్ గారోస్ (క్లే మీదే జరిగే ఫ్రెంచ్ ఓపెన్) అంచనాలు వేయకూడదన్నమాట.

జవాబు: షరపోవా 2012, 2014లలో రెండూ గెలిచింది మరి :)