జర్మనీలో చెల్లెలికి కిరాయి గది: ముందుగా ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుండి)

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలికి జర్మనీలోని మాగ్డెబుర్గ్ నగరంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్టోబరులో తరగతులు మొదలవుతాయి, వీసా కూడా చేతికి అందింది. విద్యార్థి వసతిగృహానికి దరఖాస్తు పెట్టాము గాని వెయిటింగ్ లిస్టులో ఉన్నట్లు జవాబు వచ్చింది. ప్రస్తుతం మూడు చోట్ల మాట నడుస్తున్నది. మొదటిది, ఇద్దరు జర్మన్ విద్యార్థినులు ఉంటున్న ఫ్లాటులో 14 చదరపు మీటర్ల గది. నెలకు అన్నీ కలిపి 340 యూరోలు, అందులో అసలు కిరాయి 280. రెండవది, ఒక్కరే ఉండేందుకు ఒక గది ఇల్లు. 250 యూరోలు అన్నారు గాని లోపల సామాను ఏమీ లేదు. మూడవది, మన తెలుగు అమ్మాయిలు నలుగురు ఉంటున్న ఫ్లాటులో ఒక పడక, 170 యూరోలు. మా నాన్నగారు రైసు మిల్లులో గుమాస్తా. "మనోళ్ల నడుమ ఉంటే బిడ్డకు అన్నం, పప్పు కరువుండదు, కిరాయి కూడా సగమే" అని ఆయన మూడవ దానికే మొగ్గు చూపుతున్నారు. నాకు ఇండ్లు చూసిన అనుభవం మిర్యాలగూడలోనూ హైదరాబాదులోనూ మాత్రమే ఉన్నది. బోరు నీళ్లు, విడి కరెంటు మీటరు, ఓనరు స్వభావం చూసుకుని అడ్వాన్సు ఇవ్వడం తప్ప వేరేది తెలియదు. అక్కడ ఏమేమి అడగాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (జడ్చర్ల వాస్తవ్యుడు, ప్రస్తుతం జర్మనీలోని లైప్‌జిగ్)

తమ్ముడూ, మీరు కిరాయితో మొదలుపెట్టారు, నేనైతే ఇంకొక ప్రశ్న ముందు అడుగుతాను. ఆ మూడు ఇండ్లలో ఏ ఇంటి చిరునామా మీద మీ చెల్లెలి పేరు నమోదు చేసుకోనిస్తారు? జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల లోపల నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇందుకు పాస్‌పోర్టు, కిరాయి ఒప్పందం చూపితే సరిపోదు. ఇల్లు ఇచ్చినవారు "ఫలానా తేదీన ఈమె ఇక్కడ దిగింది" అని సంతకం చేసిన ధ్రువపత్రం కూడా కావాలి. 2015 నవంబరు నుండి ఇది తప్పనిసరి. నమోదు జరిగితే గాని వీసా గడువు ముగిసే లోపల నివాస అనుమతి పని ముందుకు సాగదు, పార్ట్‌టైం ఉద్యోగానికి అవసరమైన పన్ను సంఖ్య రాదు. ఆ సంఖ్య వచ్చేది ఫోనుకు కాదు, ఆ చిరునామాకు ఉత్తరంగా వస్తుంది. అక్కడి అపార్టుమెంట్లలో మన దగ్గరి మాదిరిగా ఫ్లాటు నంబరు చూసి పోస్టుమాన్ మెట్లెక్కి రాడు. కింద తలుపు పక్కన ఉత్తరాల పెట్టెలు వరుసగా ఉంటాయి, వాటి మీద ఇంటిపేరు ఉంటుంది. మీ చెల్లెలి ఇంటిపేరు ఆ పెట్టె మీద లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. దిగిన రోజే ఒక చీటీ మీద పేరు రాసి పెట్టె మీదా, కాలింగ్ బెల్ మీదా అంటించుకోమని చెప్పండి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గాని, బ్యాంకు కార్డు మొదలుకొని ఇన్సూరెన్సు కాగితం వరకు అన్నీ ఆ పెట్టెలోకే వస్తాయి.

ఇప్పుడు మూడవ ఇంటి సంగతి. ఆ నలుగురిలో ఒప్పందం ఎవరి పేరున ఉన్నది, అయిదవ మనిషిని చేర్చుకుంటున్నట్లు ఓనరుకు తెలుసునా అని సూటిగా అడగండి. కిరాయిదారు తన ఇంట్లో మరొకరికి గది ఇవ్వాలంటే ఓనరు అనుమతి ఉండాలన్నది అక్కడి చట్టం. అనుమతి లేకుండా ఇస్తే ఓనరు అసలు ఒప్పందాన్నే రద్దు చేయవచ్చు, అప్పుడు చలికాలం నడుమ అయిదుగురూ రోడ్డున పడతారు. "పేరు నమోదు మాత్రం వేరే స్నేహితురాలి ఇంటి మీద చేయిద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఉండని ఇంటి మీద నమోదు చేయించడం జరిమానా పడే తప్పు, సంతకం పెట్టినవారికి కూడా. మన పిల్లలు చెడ్డవారని నేను అనడం లేదు. నాన్నగారి ఆలోచనలోనూ తప్పు లేదు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుని, ధ్రువపత్రం ఇస్తే 170 యూరోల పడక మంచిదే. లేకపోతే అది కిరాయి తక్కువ ఇల్లు కాదు, కాగితం లేని ఇల్లు.

రెండవ ఇంటికి చెప్పిన 250 యూరోలు "కాల్ట్" కిరాయియా, "వార్మ్" కిరాయియా అని అడిగారా? ఇల్లు ఒక్కదానికి ఇచ్చేది కాల్ట్. హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు ఊడ్చే ఖర్చు వగైరా కలిస్తే వార్మ్. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు కాల్ట్ మాత్రమే. వార్మ్ కిరాయిలో కూడా ఇంట్లో వాడుకునే కరెంటు సాధారణంగా ఉండదు, దానికి వేరుగా ఒప్పందం చేసుకోవాలి. పైగా, నెలనెలా కట్టే ఆ అదనపు ఖర్చు ముందస్తు జమ మాత్రమే అయితే సంవత్సరానికి ఒకసారి లెక్క తేలుస్తారు. లెక్కల సంవత్సరం ముగిసిన తరువాత 12 నెలల లోపల ఓనరు ఆ లెక్క పంపాలి; ఆలస్యం చేస్తే ఎక్కువైన సొమ్ము అడిగే హక్కు సాధారణంగా పోతుంది. హీటరు తెరిచి, కిటికీ కూడా రోజంతా ఓరగా తెరిచి పెట్టుకున్నవారికి ఈ లెక్క నాడు కళ్లు తిరుగుతాయి.

సామాను లేదంటే మంచం, బల్ల లేవని మీరు అనుకుంటారు. అక్కడ ఆ మాటకు వంటగది కూడా లేదని అర్థం కావచ్చు. పొయ్యి, సింకు, అల్మారాలు పాత కిరాయిదారు తీసుకుపోతారు, లేదా "ఇంత ఇస్తే వదిలేస్తాను" అంటారు. పైకప్పు నుండి దీపాల తీగలు మాత్రం వేలాడుతుంటాయి. చదువుకోవడానికి వెళ్లిన పిల్ల మొదటి నెలలోనే వంటగది బిగించుకునే పనిలో పడకూడదు కనుక, నా మాట అడిగితే రెండవ ఇంటిని పక్కన పెట్టండి.

జవాబు (వనపర్తి నుండి, ఒక విద్యార్థిని తండ్రి)

బాబూ, ఇల్లు కుదిరిన తరువాత డబ్బు దగ్గర ఇబ్బంది పడిన తండ్రిగా ఒక్క సంగతి చెబుతాను. వీసా కోసం మీరు బ్లాక్డ్ ఖాతాలో వేసిన సొమ్ము ఒకేసారి చేతికి రాదు. 2024 సెప్టెంబరు నుండి విద్యార్థులకు ఆ మొత్తం సంవత్సరానికి 11,904 యూరోలు. అందులో నెలకు 992 మాత్రమే, అదీ అక్కడికి చేరి ఖాతా పని పూర్తయ్యాక విడుదలవుతుంది. మొదటి గదినే తీసుకుంటే అడ్వాన్సు, అంటే కౌట్సియోన్, కాల్ట్ కిరాయికి మూడింతల వరకు అడగవచ్చు. 280 చొప్పున అది 840 యూరోలు. మొదటి నెల 340 కలిపితే 1,180 అవుతుంది. అయితే అడ్వాన్సును మూడు సమాన వాయిదాలలో కట్టే హక్కు కిరాయిదారుకు చట్టమే ఇచ్చింది కనుక, మర్యాదగా అడిగితే మొదటి నెలలో 620తో గట్టెక్కవచ్చు. ఈ సొమ్మును బ్లాక్డ్ ఖాతాతో సంబంధం లేకుండా ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు నింపుకునే కార్డులో, వేసి పంపండి. ఎడ్యుకేషన్ లోను ఉన్నది కదా అని ధీమాగా ఉండకండి, అడ్వాన్సుకు అందులో ఇస్తారో లేదో బ్యాంకులో ముందే అడిగి తెలుసుకోండి.

తిరిగి ప్రశ్న (మిర్యాలగూడ నుండి)

పెద్దలిద్దరికీ కృతజ్ఞతలు. మూడవ ఇంటి అమ్మాయిలను అడిగితే ఓనరుకు తెలియదని నిజమే చెప్పారు, కనుక దాన్ని వదులుకున్నాము. ఇంతలో నిన్న ఇంకొక ప్రకటన కనిపించింది. నగరం నడిబొడ్డున వంటగదితో సహా పూర్తి ఫ్లాటు 220 యూరోలకే ఇస్తారట. ఓనరు తాను లండనులో ఉన్నానని, అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియరులో వస్తుందని, మా చెల్లెలి పాస్‌పోర్టు కాపీ పంపమని రాశాడు. ఏమి చేయమంటారు? మొదటి గది విషయంలో ఇక్కడి నుండి ఇల్లు చూడడం ఎట్లా?

జవాబు (జడ్చర్ల వాస్తవ్యుడు)

లండను ఓనరుకు రూపాయి కూడా పంపవద్దు, పాస్‌పోర్టు అసలే పంపవద్దు. ఓనరు పరదేశంలో ఉండడం, కిరాయి నమ్మలేనంత తక్కువ ఉండడం, తాళంచెవి కొరియరులో రావడం, ఈ మూడూ ఒకచోట చేరితే అది మోసమే. పాస్‌పోర్టు కాపీ పంపితే రేపు అదే కాపీ చూపించి ఇంకొకరిని మోసం చేస్తారు.

మొదటి గది విషయంలో వీడియో కాల్ అడగండి, కాని వాళ్లు పంపిన రికార్డు వీడియోతో సరిపెట్టుకోవద్దు. కాల్ నడుస్తుండగా కింది తలుపు నుండి మెట్ల మీదుగా గదిలోకి నడిచి చూపమనండి, ఉత్తరాల పెట్టె మీద ఉన్న పేర్లు, ఒప్పందంలో ఉన్న పేరు ఒకటేనా చూడండి. ఆ ఊళ్లో తెలిసిన సీనియర్ ఉంటే ఒక గంట వెళ్లి చూసి రమ్మనడం ఇంకా మేలు. వీలు కాకపోతే మొదటి రెండు, మూడు వారాలకు తాత్కాలిక బస చూసుకుని, అక్కడికి చేరిన తరువాతనే సంతకం పెట్టమనండి. అయితే సెప్టెంబరు, అక్టోబరులలో విద్యార్థులందరూ ఒకేసారి దిగుతారు కనుక ఆ బస కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. మధ్యలో బ్రోకరు ఎవరైనా "నా ఫీజు" అంటే గుర్తుంచుకోండి, 2015 జూన్ నుండి ఎవరు బ్రోకరును పెట్టుకున్నారో వారే ఫీజు ఇవ్వాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు మీరు ఇవ్వనవసరం లేదు.

జవాబు (సూర్యాపేట నుండి, అక్కడ చదువుకుని వచ్చిన అమ్మాయి)

అన్నా, కాగితాల సంగతి వారు చెప్పారు, నేను గది సంగతి చెబుతాను. వీడియోలో కిటికీ మూలలు, మంచం వెనుక గోడ, స్నానాలగది పైకప్పు దగ్గరగా చూపమనండి. నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. చలికి భయపడి మనం కిటికీలు మూసుకుంటాము, తడి బట్టలు గదిలోనే ఆరవేస్తాము, అన్నం కుక్కరు ఆవిరి అంతా గోడలకే పడుతుంది. తరువాత ఓనరు ఆ బూజు మీ వల్లనే వచ్చిందంటాడు. రోజుకు రెండు, మూడు సార్లు హీటరు తగ్గించి కిటికీ పూర్తిగా తెరిచి కొద్ది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. మా ఇంట్లో ఇది ఒప్పందంలోనే రాసి ఉండేది.

వంట సంగతి ఆ ఇద్దరు అమ్మాయిలతో ముందే మాట్లాడుకోవాలి. ఎండుమిరపకాయల తాళింపు వేస్తే ఇల్లంతా దగ్గులు మొదలవుతాయి, పొగ అలారం మోగినా మోగుతుంది. ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిది, మాంసం వండుకోవచ్చునా, శుభ్రం చేసే వంతులు ఎట్లా అని అడగడంలో సిగ్గుపడవద్దు. వాళ్లు ఇవన్నీ సూటిగా మాట్లాడుకునే మనుషులు, మనం మొహమాటపడితేనే వాళ్లకు అర్థం కాదు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు, ఆదివారమంతా చప్పుడు కూడదు. అమెరికాలో ఉన్న మా పిన్నితో అర్ధరాత్రి గట్టిగా ఫోను మాట్లాడే అలవాటు నాకు అక్కడే పోయింది. రేడియో, టీవీ చందా నెలకు 18.36 యూరోలు ఇంటికి ఒక్కటే, మనిషికొకటి కాదు కనుక ముగ్గురూ పంచుకోవచ్చు. 340లో అది కలిసి ఉన్నదా అని అడగండి.

చివరి ప్రశ్న (మిర్యాలగూడ నుండి)

మొదటి గదినే ఖాయం చేసుకుంటున్నాము. ఓనరు కంపెనీ ఒప్పందం నమూనా, చిరునామా ధ్రువపత్రం ఇస్తామన్న మాట ఈమెయిల్‌లో పంపింది. ఒకవేళ తరువాత వసతిగృహంలో చోటు వస్తే ఈ గదిని ఎట్లా వదలాలి?

జవాబు (జడ్చర్ల వాస్తవ్యుడు)

గడువు రాయని ఒప్పందమైతే సాధారణంగా మూడు నెలల నోటీసు. నెలలోని మూడవ పనిదినం లోపల ఉత్తరం ఓనరుకు చేరితే ఆ నెలా కలిసి లెక్కకు వస్తుంది. జనవరి మొదట్లో అట్లా చేరితే మార్చి 31తో ముగుస్తుంది. ఈమెయిల్ చెల్లదు, కాగితం మీద సంతకం ఉండాలి. గడువు తేదీ రాసిన ఒప్పందమైతే నడుమ వదలడం కష్టం, కనుక సంతకానికి ముందు ఆ వాక్యం చదివించుకోండి. ఇంత కాలం వరకు ఖాళీ చేయరాదన్న షరతు కూడా కొన్నింటిలో దాగి ఉంటుంది.

దిగే రోజున గోడల గీతలు, మీటరు అంకెలు, తాళంచెవుల సంఖ్య రాసి ఇరువురూ సంతకాలు చేసే పత్రం ఒకటి ఉంటుంది. ఫోటోలతో సహా దాన్ని దాచుకోమనండి. ఖాళీ చేసిన తరువాత ఓనరు లెక్కలు చూసుకుని అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, అప్పటి దాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయించవద్దు.