66 ప్రెసిషన్ బాస్: ఫ్రెట్లు మార్చాక కూడా ఒరిజినలేనా?

సన్‌బర్స్ట్_డల్లాస్: అన్నలూ, ఇక్కడ ఒకాయన దగ్గర 1966 ఫెండర్ ప్రెసిషన్ బాస్ గిటార్ చూసొచ్చా. "ఆల్ ఒరిజినల్" అని పెట్టాడు, ఫ్రెట్లు (నెక్ మీది లోహపు పట్టీలు) మాత్రం ఒకసారి మార్పించాడట. నెక్ విప్పి చూపించాడు, హీల్ (బాడీకి బిగించే చివర) మీద "5 మార్ 66 సి" అని ముద్ర ఉంది. పాట్ల (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు) మీద 137 6612. తీసుకోవచ్చా?

పాతతీగ: వద్దు. 137 అంటే సీటీఎస్ కంపెనీ పాట్లు, 66వ సంవత్సరం 12వ వారం, అంటే మార్చి నెలాఖరు. మార్చి 5న చేసిన నెక్‌కి నెలాఖరు పాట్లు ఎలా వస్తాయి? ఎవరో మార్చేశారు.

చెక్కపిచ్చి: ఆ 5 తేదీ కాదండీ, మోడల్ నంబరు. ప్రెసిషన్‌కి 5, జాజ్ బాస్‌కి 7. సి అంటే నట్ దగ్గర (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నెక్ వెడల్పు, అంగుళం ముప్పావు. నెక్ చేసిన రోజే బాడీకి బిగించరు కదా, పాట్లు కాస్త తర్వాతవైతే తప్పేం లేదు. 66 కోడ్ పాట్లు 60ల చివరి బాస్‌ల్లో కూడా కనిపిస్తాయి, అన్ని కొని పెట్టుకున్నారు. కోడ్ వదిలేసి పాట్ల వైర్ల సోల్డర్ చూడండి, మళ్లీ కరిగించిన జాడ ఉందా లేదా అని.

పాతతీగ: మోడల్ నంబరో తేదీయో, నాకు నమ్మకం లేదు. నేను 63 బాస్ ఒకటి ఇలాగే "ఆల్ ఒరిజినల్" అంటే పూర్తి రేటు పెట్టి కొన్నా. ఆ రోజుల్లో రంగు కొట్టేటప్పుడు బాడీకి మేకులు కొట్టి నిలబెట్టేవాళ్లు, ఆ కన్నాల్లో వట్టి చెక్క కనబడాలి. ఇంటికొచ్చి బాడీ మీది పిక్‌గార్డ్ పలక విప్పితే కన్నాల నిండా రంగే. రీఫిన్, అంటే తర్వాత మళ్లీ రంగు కొట్టింది. డబ్బు వెనక్కి రాలేదు.

లోయెండ్: నల్ల లైటు వేసి చూడండి, పాత లాకర్ పూత పసుపుపచ్చగా మెరుస్తుంది.

బెజవాడ_బాస్: రంగు సంగతి సరే, ఫ్రెట్లు మారిస్తే ఏమైందటా? నేను 28 ఏళ్లు ఆర్కెస్ట్రాలో వాయించా, రెండుసార్లు వేయించా. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు ఫ్రెట్లని తినేస్తాయి.

పాతతీగ: నున్నటి ఫ్లాట్‌వౌండ్ వేసుంటే అరిగేవి కాదుగా. మార్చింది మార్చిందే, ఒరిజినల్ అనకూడదు.

బెజవాడ_బాస్: ఏ తీగలు వేసుకోవాలో నువ్వు చెప్తావా నాకు? పెళ్లిళ్లలో రాత్రంతా నిలబడి వాయించి ఇల్లు నడిపాను ఆ బాస్‌తో. మొన్న అమ్మబోతే కొనేవాడు వాయించి కూడా చూడలేదు, ఫ్రెట్లు చూసి రేటు సగానికి కోసేశాడు. మంచం కింద దాచినోడి బాస్‌కి పూర్తి రేటు, బతుకంతా వాయించినోడిది లోపమా? ఇదేం న్యాయం తమ్ముడూ?

పాతతీగ: అన్నా, వాయించినోళ్ల మీద నాకు కోపం లేదు, మీ బాస్‌ని తక్కువ చేయలేదు. నా దగ్గర నిజం దాచిపెట్టి అమ్మినోడి మీదే. ఈయన ఫ్రెట్ల మాట నోటితో చెప్పాడు, బాగానే ఉంది, మరి రాతలో "ఆల్" ఎందుకు పెట్టాడు? అది తీసేయమనండి, నాకు పేచీ లేదు.

బెజవాడ_బాస్: ఆ మాటైతే నేనూ ఒప్పుకుంటా. మొదటే ఇలా చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

చెక్కపిచ్చి: ఆ ఏడాది నెక్ మీది రోజ్‌వుడ్ పలక పల్చగా ఉంటుంది, ఫ్రెట్లు పీకేటప్పుడు అంచులు పెచ్చులూడాయేమో చూడండి. నెక్ లోపలి ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్, తిరుగుతుందో లేదో కూడా, అది పట్టేసుంటే ఫ్రెట్ల కంటే పెద్ద ఖర్చు. ఆ రాడ్ తిప్పే నట్టు హీల్ వైపే ఉంటుంది కాబట్టి నెక్ మళ్లీ విప్పించాల్సిందే.

సన్‌బర్స్ట్_డల్లాస్: శనివారం మళ్లీ వెళ్తున్నా. పిక్‌గార్డ్ కూడా విప్పమని అడిగి సోల్డర్ ఫోటోలు పెడతా.

బెజవాడ_బాస్: విప్పేముందు ఒక అరగంట వాయించు.